బొటనవేలి కింద బంతి

ఫుట్‌బాల్ మైదానం ఎంత ఉంటుంది? అంతర్జాతీయ పోటీలు జరిగే మైదానమైతే పొడవు 105 మీటర్లు, వెడల్పు 68 మీటర్లు. మన లెక్కలో చెప్పాలంటే దాదాపు ఎకరం ముప్పై గుంటలు. ఒక చిన్న రైతు పత్తి చేనంత! అంత నేల ఇప్పుడు ఆరంగుళాల అద్దంలోకి వచ్చి కూర్చుంది. ఇరవై రెండు మంది ఆటగాళ్లు, రెఫరీ, గోల్ స్తంభాలు, కేకలు వేసే జనం... అందరూ అందులోనే. కాలికి పని లేదు. బొటనవేలితో ఒక్క గీత గీస్తే చాలు, బంతి వంపు తిరిగి వెళ్లి వలలో పడుతుంది.

దేవరకొండ నుంచి నల్గొండ వచ్చే బస్సు ఎక్కి చూడండి. కిటికీ పక్కన తల వంచుకుని కూర్చున్న కుర్రాడి వేలు అద్దం మీద అటూ ఇటూ పరుగెడుతుంటుంది. జడ్చర్ల బస్టాండులో, అచ్చంపేట ఆసుపత్రి వరండాలో, సూర్యాపేట ఆటోస్టాండులో కూడా అదే దృశ్యం. పిల్లలే అనుకోకండి. గిరాకీ కోసం ఎదురుచూసే ఆటో అన్న, బిల్లుల మధ్య కాస్త ఖాళీ దొరికిన దుకాణం గుమాస్తా, డ్యూటీ దిగి ఇంటికెళ్తున్న ఉద్యోగి... వీళ్లంతా నిజం మైదానంలో బంతిని తన్ని ఎన్నాళ్లయిందో! అద్దం మీద మాత్రం రోజుకి ఇరవై గోల్స్ కొడుతున్నారు.

వీటిని క్యాజువల్ గేమ్స్ అంటారు. అంటే తీరిక ఆటలన్నమాట. నేర్చుకోవడానికి ఒక నిమిషం, ఆడటానికి రెండు మూడు నిమిషాలు. పుస్తకం చదివి నేర్చుకోవాల్సిన నియమాలుండవు. బ్రిటన్‌కి చెందిన ఫస్ట్ టచ్ గేమ్స్ సంస్థ తెచ్చిన స్కోర్ హీరో, డ్రీమ్ లీగ్ సాకర్, మినీక్లిప్ వారి సాకర్ స్టార్స్ ఈ కోవలో బాగా పేరు పడ్డాయి. ఇంకాస్త బరువైన ఆటలు కావాలనుకునేవారికి ఈఏ సంస్థ 2016లో తెచ్చిన ఫిఫా మొబైల్ ఉంది. 2023 నుంచి దాని పేరు ఈఏ స్పోర్ట్స్ ఎఫ్‌సీ మొబైల్. జపాన్ సంస్థ కొనామీ ఈఫుట్‌బాల్ కూడా ఉంది.

ఫోన్‌లో ఆట అనేది స్మార్ట్‌ఫోన్‌తో పుట్టింది కాదు. 1997లో నోకియా 6110 ఫోన్‌లో వచ్చిన పామును ఎవరు మరిచిపోతారు? టనేలీ అర్మాంటో అనే ఫిన్లాండ్ ఇంజినీరు తయారుచేసిన ఆ పాము చుక్కలు తింటూ తన తోకనే కరుచుకునేది. 2003లో వచ్చిన టార్చిలైటు ఫోన్ నోకియా 1100 ప్రపంచమంతా 25 కోట్లకు పైగా అమ్ముడుపోయింది. మన పల్లెల్లో చాలా ఇళ్లలో మొట్టమొదటి ఫోన్ అదే. నోకియా 3310లో బంటుమీ అనే ఇంకో ఆట ఉండేది. చాలామంది అర్థంకాక వదిలేసేవారు. అదేమిటో తెలుసా? గుంటల్లో గింజలు పంచుకుంటూ పోయే ఆట. మన అవ్వలు చింతగింజలతో ఆడే ఓమనగుంటల కుటుంబానికి చెందినదే! ఏ పట్నం మనవడైనా ఆ ఫోన్ అవ్వ చేతిలో పెట్టి ఉంటే ఆటలో చిత్తుగా ఓడిపోయేవాడు.

ఆ తర్వాత జావా ఫోన్లు వచ్చాయి. వాటిలో ఫుట్‌బాల్ ఆడాలంటే అంకెల మీటలే ఆధారం. 2 నొక్కితే పైకి, 8 నొక్కితే కిందికి, 4, 6 పక్కలకు, 5 నొక్కితే తన్ను. కొన్నాళ్లకే 5 అంకె అరిగిపోయేది. అప్పట్లో గేమ్‌లాఫ్ట్ అనే ఫ్రెంచి సంస్థ తెచ్చిన రియల్ ఫుట్‌బాల్ కుర్రకారుకి బాగా నచ్చింది. ఈ సంస్థ హైదరాబాద్‌లో కూడా స్టూడియో నడిపింది. పారిస్‌లో ఆలోచన, హైదరాబాద్‌లో పని, మిర్యాలగూడ కుర్రాడి జేబులో ఆట!

మీటలు పోయి అద్దం వచ్చాక అసలు మాయ మొదలైంది. వేలితో గీసిన గీతను ఫోన్ మూడు రకాలుగా చదువుతుంది. గీత ఎటు పోయిందో అది బంతి దిశ. ఎంత వేగంగా గీశారో అది తన్నులోని బలం. గీత ఎంత వంగిందో అది బంతికి వచ్చే సుడి. నిజం మైదానంలో కూడా సుడి తిరిగే బంతి గాలిలో ఒక పక్కకి వంగుతుంది. భౌతికశాస్త్రంలో దీన్ని మాగ్నస్ ప్రభావం అంటారు. ఫ్రీకిక్‌లో బంతి గోడలా నిలబడ్డ ఆటగాళ్లను చుట్టుకుని గోల్‌లోకి పోయేది ఇందువల్లే. ఏళ్ల తరబడి సాధన చేస్తేగానీ కాలికి పట్టుబడని ఆ విద్య వేలికి పది నిమిషాల్లో వచ్చేస్తుంది. మరి మజా ఉండదా!

పెనాల్టీ సంగతి చూడండి. బంతి పెట్టే చుక్క గోల్ గీతకు 11 మీటర్ల దూరం. గోల్ వెడల్పు 7.32 మీటర్లు, ఎత్తు 2.44 మీటర్లు. గంటకి వంద కిలోమీటర్ల వేగంతో తన్నితే బంతి గోల్ చేరడానికి పట్టే సమయం సెకనులో అర్ధభాగం కూడా కాదు. అందుకే గోల్‌కీపర్ బంతి వచ్చేదాకా ఆగడు, ముందే ఒక పక్క ఎంచుకుని దూకేస్తాడు. అదొక జూదం. ఫోన్‌లో కీపర్ మనిషి కాదు, లెక్క. ఈ తన్నుని ఎంత తేలిగ్గా వదలాలి, ఎప్పుడు ఆపాలి అనేది తయారుచేసినవాడి చేతిలో ఉంటుంది. మొదటి మెట్లలో ఎవరు తన్నినా గోలే. పదో మెట్టుకొచ్చేసరికి కీపర్‌కి చేతులు పెరుగుతాయి!

ఇక్కడే ఆట మనల్ని పట్టుకుంటుంది. స్తంభానికి తగిలి బంతి బయటికి పోయిందనుకోండి. 'అరెరె, కొద్దిలో పోయింది' అనిపిస్తుంది. పూర్తిగా ఓడినవాడు ఆపేస్తాడు. కొద్దిలో ఓడినవాడు మళ్లీ ఆడతాడు. బహుమతి కూడా ప్రతిసారీ రాదు, ఎప్పుడొస్తుందో తెలియదు. అమెరికా మనస్తత్వ శాస్త్రవేత్త స్కిన్నర్ పావురాల మీద చేసిన ప్రయోగాల్లో తేలిందిదే. మీటను పొడిచిన ప్రతిసారీ గింజ పడితే, గింజలు ఆగిన కాసేపటికి పావురం మానేసింది. ఎప్పుడు పడుతుందో తెలియకుండా పడిన చోట మాత్రం గింజ రాకపోయినా పొడుస్తూనే ఉండిపోయింది. మన బొటనవేలు చేసేది అదే పని.

"ఏం జేస్తున్నవ్‌రా బిడ్డా?"

"పెనాల్టీ గొడుతున్న అవ్వా."

"ఏం గొడుతున్నవో ఏమో! ముందుగాల వచ్చి బువ్వ తిను."

"ఒక్క గోల్ అవ్వా, ఒక్కటే!"

ఈ మాటలు వినపడని ఇల్లుందా? ఆ 'ఒక్కటే' ఎప్పటికీ ఒక్కటి కాదు. అవ్వ కూర వేడిచేసి మళ్లీ చల్లారబెట్టుకోవాల్సిందే.

అయితే తప్పంతా ఫోన్ మీద వేసేముందు మన నేల సంగతి కూడా చూడాలి. మే నెలలో నల్గొండ ఎండ 45 డిగ్రీలు దాటడం కొత్తేమీ కాదు. పది గంటల తర్వాత పిల్లాడిని బయటికి పంపే తల్లి ఉండదు. గురుకులాల్లో చదివే పిల్లలు ఏడాదంతా ఫోన్ ముట్టరు. వేసవి సెలవులకి ఇంటికొస్తారు. సరిగ్గా బయట ఆడుకోలేని రోజులవి. వీధిలో చిర్రగోనె, గోటీలు ఆడిన తరం పెద్దదైపోయింది. ఒకప్పుడు ఊరి పక్కన ఖాళీగా ఉన్న జాగాలు ప్లాట్లయ్యాయి. 2022 జూన్‌లో రాష్ట్ర ప్రభుత్వం ఊరూరా క్రీడా ప్రాంగణాలు మొదలుపెట్టింది. వాడుకలో ఉన్నచోట పిల్లల కేకలున్నాయి, పట్టించుకోని చోట పిచ్చిచెట్లున్నాయి. పిల్లలు ఫోన్ పట్టారని కోప్పడే పెద్దలు తమ ఊరి ప్రాంగణాన్ని ఒకసారి చూసి రావడం మంచిది.

ఇంకో సంగతి నల్గొండ వాళ్లకి చెప్పనక్కర్లేదు. మర్రిగూడ, మునుగోడు వైపు దశాబ్దాల తరబడి బోరునీళ్లలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచిందో అందరికీ తెలుసు. నడవడమే కష్టమైన మనిషికి మైదానం ఎక్కడిది? కాళ్లు సహకరించని మనిషి కూడా గోల్ కొట్టి చెయ్యి పైకెత్తగలిగేది ఈ అద్దం మీదే. ఆడపిల్లల సంగతీ అంతే. చాలా ఊళ్లలో పదో తరగతి దాటిన ఆడపిల్ల మైదానంలో బంతి తన్నితే చూసేవాళ్లు ఎక్కువ, ప్రోత్సహించేవాళ్లు తక్కువ. తమ్ముడితో పాటు మంచం మీద కూర్చుని ఫోన్‌లో ఆడితే ఎవరూ ఏమీ అనరు. ఆ మంచం మీదే ఆమెకు ఆఫ్‌సైడ్ అంటే ఏమిటో తెలుస్తుంది. 4-3-3 అంటే ఏమిటో తెలుస్తుంది. అక్కడితో ఆగిపోవాలా అన్నది అసలు ప్రశ్న. నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన గుగులోత్ సౌమ్య భారత మహిళల జట్టుకు ఆడింది. 2024-25 సంవత్సరానికి అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఉత్తమ క్రీడాకారిణిగా ఎంపికైంది. తండా నుంచి దేశం జట్టుకు దారి ఉందన్నమాట. కాకపోతే అది అద్దం మీద గీసే దారి కాదు.

పాలమూరు ఇళ్లలో ఫోన్‌కి ఇంకో పెద్ద పని ఉంది. పనుల కోసం ముంబై, పుణె, బెంగళూరు, హైదరాబాద్ వెళ్లిన అమ్మానాయినలు రాత్రి పూట మాట్లాడేది దాంట్లోనే. దేశంలో ఎన్నో ఆనకట్టల మట్టి ఎత్తినవాళ్లు పాలమూరు కూలీలు. పిల్లలను అవ్వాతాతల దగ్గర విడిచి వెళ్తారు. పిల్లలతో మాట్లాడొచ్చనే ఆశతోనే ఒక ఫోన్ ఇంట్లో పెట్టి వెళ్తారు. కరోనా కాలంలో ఆ ఫోన్‌కి ఇంకాస్త బలం వచ్చింది. 2020 సెప్టెంబర్ 1న డిజిటల్ పాఠాలు మొదలయ్యాయి. టీవీలో యాదగిరి ఛానల్, టీశాట్ చూడలేని పిల్లలకు ఫోనే బడి అయింది. బడులు తెరిచాక పాఠాలు బడికి వెళ్లిపోయాయి, ఫోన్ మాత్రం చేతిలో ఉండిపోయింది.

ఇప్పుడు రాత్రి ఎనిమిదిన్నర అయింది. పనిచోటు నుంచి గుడిసెకి వచ్చి, వంట ముగించుకుని తల్లి ఫోన్ చేస్తుంది. అప్పుడే ఇక్కడ కొడుకు పెనాల్టీ తన్నబోతున్నాడు. అద్దం మీద పైన 'అమ్మ' అని పడుతుంది. బంతిని ఏ వేలితో నెడుతున్నాడో అదే వేలితో, అదే ఊపుతో ఆ పేరును పక్కకి నెట్టేస్తాడు. 'తర్వాత చేస్తాలే' అనుకుంటాడు. అక్కడ తల్లి 'వాడు నిద్రపోయాడేమో' అనుకుంటుంది. పొద్దున్నే నాలుగింటికి లేవాలి కాబట్టి తనూ పడుకుంటుంది. ఆ రోజుకి మాట లేదు. ఆటలో పోయింది ఒక గోల్ మాత్రమే, అది రేపు మళ్లీ కొట్టుకోవచ్చు. అమ్మతో పోయిన ఆ రోజు మాట మళ్లీ రాదు. పిల్లాడు చెడ్డవాడు కాదు. 'ఇప్పుడే, ఈ క్షణమే' అని ఆట వాడిని అంత గట్టిగా పట్టుకుంది, అంతే.

ఇక డబ్బు సంగతి. ఈ ఆటలు ఉచితమంటారు. నిజమే, దింపుకోవడం ఉచితం. ఆడటం మొదలుపెట్టాక శక్తి అయిపోతుంది. మళ్లీ ఆడాలంటే కాసేపు ఆగాలి, లేదా ప్రకటన చూడాలి, లేదా డబ్బు కట్టాలి. ఇంకొన్నింటిలో మూసిన పెట్టె కొనాలి. అందులో మెస్సీ ఉంటాడో, పేరు తెలియని ఆటగాడు ఉంటాడో తెరిస్తేగానీ తెలియదు. ఇది లాటరీ లాంటిదేనని బెల్జియం 2018లోనే తేల్చేసింది. దాంతో ఈఏ సంస్థ తన ఫిఫా ఆటలో డబ్బుతో పెట్టెలు కొనే ఏర్పాటును 2019 జనవరిలో ఆ దేశంలో ఆపేసింది. మన ఇళ్లలో యూపీఐ పిన్ పిల్లలకే బాగా గుర్తుంటుంది. తాతకి అంకెలు కనపడవని పింఛను డబ్బు తీసిచ్చేది కూడా మనవడే. ఆ పిన్ ఏ రోజు ఏ పెట్టెను తెరుస్తుందో!

ప్రకటనల్లోనే ఇంకో గుంట ఉంది. బంతాట ప్రకటనలాగే మొదలై పందేల యాప్‌లోకి తీసుకెళ్లేవి ఉంటాయి. తెలంగాణ 2017లోనే చట్టాన్ని సవరించి ఆన్‌లైన్‌లో డబ్బు పెట్టి ఆడే ఆటలను నిషేధించింది. కేంద్రం చేసిన ఆన్‌లైన్ గేమింగ్ చట్టానికి 2025 ఆగస్టు 22న రాష్ట్రపతి ఆమోదం లభించింది. డబ్బు పెట్టి డబ్బు గెలిచే ఆటలన్నీ దాని ప్రకారం నిషిద్ధం. ఈ-స్పోర్ట్స్, వినోదం కోసం ఆడే ఆటలకు అడ్డులేదు. అంటే కుర్రాడు గోల్స్ కొట్టుకోవడం తప్పు కాదు, ఎవరు గోల్ కొడతారని పందెం కాయడం తప్పు. ఈ రెండింటి మధ్య దూరం అద్దం మీద ఒక్క తాకుడే. ఒకవేళ మోసపోయి డబ్బు పోతే సిగ్గుపడి దాచుకోకుండా 1930కి ఫోన్ చేయాలి. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది.

మరి ఏం చేద్దాం? ఫోన్ లాక్కుంటే గొడవ. ఇచ్చేస్తే ఇంకో గొడవ. కొన్ని చిన్న పనులు మాత్రం ప్రతి ఇంట్లో చేసుకోవచ్చు. మొదటిది, అరగంట అని గడియారం లెక్క పెట్టకండి, మూడు మ్యాచ్‌లు అని ఆట లెక్క పెట్టండి. మ్యాచ్ సగంలో లాక్కుంటే ఎవరికైనా కోపం వస్తుంది. విజిల్ మోగాక అడిగితే ఇవ్వడం తేలిక. రెండోది, నెట్ లేకుండా ఆడగలిగే ఆటలైతే డేటా ఆపి ఆడమనండి. ప్రకటనలు రావు, మామూలు ఫోన్ కాల్ మాత్రం వస్తుంది. మూడోది, ప్లేస్టోర్ సెట్టింగ్స్‌లో ఏం కొనాలన్నా పాస్‌వర్డ్ అడిగేలా పెట్టుకోండి. యూపీఐ పిన్ మార్చి మీ దగ్గరే ఉంచుకోండి. నాలుగోది అన్నిటికన్నా ముఖ్యం. అమ్మ ఫోన్ వస్తే ఫైనల్ అయినా సరే ఎత్తాలి. చాలా ఆటలు కాల్ వస్తే వాటంతటవే ఆగి, మాట్లాడాక మళ్లీ మొదలవుతాయి. ఈ సంగతి పిల్లాడికి ఒకసారి చేసి చూపిస్తే చాలు.

ఇంకొకటి కూడా ఉంది. వాడితో కూర్చుని మీరూ ఒక మ్యాచ్ ఆడండి. ఓడిపోండి. ఓడిపోయినవాళ్ల మాట పిల్లలు కాస్త వింటారు! అప్పుడు రహీం సాబ్ గురించి చెప్పండి. మెస్సీ, రొనాల్డో, ఎంబాపే పేర్లు ఫోన్ నేర్పింది. సయ్యద్ అబ్దుల్ రహీం పేరు ఫోన్ చెప్పదు, మనమే చెప్పాలి. ఆయన హైదరాబాద్ మనిషి, బడిపంతులు. ఆయన శిక్షణలోనే భారత జట్టు 1951లో ఢిల్లీ ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది. 1962 సెప్టెంబర్ 4న జకార్తాలో దక్షిణ కొరియాను 2-1తో ఓడించి మళ్లీ ఆసియా స్వర్ణం తెచ్చింది. అప్పటికే ఆయనకి క్యాన్సర్. మరుసటి ఏడాది జూన్‌లో కన్నుమూశారు. ఆయన సిద్ధం చేసిన హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. 2024లో వచ్చిన మైదాన్ సినిమా ఆయన కథే.

అంత చరిత్ర ఉన్న రాష్ట్రంలో ఇప్పటి పరిస్థితి వేరు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఐఎస్‌ఎల్ గెలిచింది. ఆ జట్టే చేతులు మారి 2025లో ఢిల్లీకి తరలిపోయింది. ఫోన్‌లో ప్రపంచంలోని ఏ జట్టునైనా ఎంచుకోవచ్చు. ఐఎస్‌ఎల్‌లో మాత్రం మన ఊరి జట్టంటూ లేకుండా పోయింది.

రహీం సాబ్ పద్ధతుల్లో ఒకటి పిల్లలకి బాగా నచ్చుతుంది. ఆటగాళ్లకి అలవాటు లేని కాలితో మాత్రమే ఆడాలనే పోటీలు పెట్టేవారట. కుడికాలి వాటం ఉన్నవాడు ఎడమకాలితోనే తన్నాలి. ఎందుకంటే మైదానంలో బంతి మనకి కావాల్సిన కాలి దగ్గరికి రాదు. ఈ చిన్న నిజం ఫోన్‌లోని తీరిక ఆటల్లో పెద్దగా కనపడదు. అక్కడ ప్రతి బంతీ బొటనవేలి దగ్గరికే వస్తుంది.

దీనికి స్టేడియం అక్కర్లేదు. 1948 లండన్ ఒలింపిక్స్‌లో మనవాళ్లు చాలామంది ఉత్తి కాళ్లతోనే ఆడారు. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలు రోజుకి సగటున గంటసేపు ఒళ్లు కదిలేలా ఆడాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. ఆ గంటలో కొంతైనా సాయంత్రం ఎండ తగ్గాక ఇంటి ముందు దొరుకుతుంది. రెండు చెప్పులు దూరం దూరంగా పెడితే అదే గోల్. రబ్బరు బంతి చాలు. కీపర్‌గా తాత కుర్చీ వేసుకుని కూర్చున్నా పర్వాలేదు. ఎడమకాలితో తన్నమనండి. మొదటి పది బంతులూ పక్కింటి గేటు వైపే పోతాయి. పదకొండో బంతికైనా శక్తి అయిపోయిందని ఎవరూ ఆపరు, మధ్యలో ప్రకటన కూడా రాదు.